అస్తేరియో పాత నోడు

హెర్నందారియాస్‌లో ఎర్రమట్టి రోడ్డు చివర
రేకుల షెడ్డు మాది.
పరానా నది కరెంటై వచ్చి
ఎనిమిది వందల ఫ్యాన్లలో హోరెత్తి
వేడిగాలై పక్కవాళ్ళ సోయా చేలోకి పోతుంది.

కొత్త రూలు వస్తోంది, ఎక్కించుకో అని
ఏడాదిగా సునిల్ద పోరు.
చల్లటి తెరెరె పీలుస్తూ నువ్వు, అస్తేరియో,
"ఆరేళ్ళుగా ఒక్క లెక్క తప్పలేదు నా నోడు.
దాని జోలికి రాకు."

నిజమే, తప్పలేదు.
కొత్తది రాసినవాళ్ళు
నీ ముసలి యంత్రాన్ని తలుచుకునే రాశారు.
నిన్న తప్పన్నది ఏదీ ఇవాళ ఒప్పు కాదు.
నిన్న ఒప్పన్నవాటిలోనే
కొన్నింటికి ఇవాళ గడియ పడింది.
అంతే.
సన్న జల్లెడ దిగిన పిండి
పెద్ద కన్నాల జల్లెడకు అడ్డమా?

ప్రతి బ్లాకు నొసటా ఒక బిట్టు: సిద్ధం.
నెలల తరబడి లెక్కపెట్టింది సునిల్ద.
వందకు అరవై, డెబ్బై మూడు,
మళ్ళీ అరవై ఎనిమిది, చెమటలు,
చివరికెప్పుడో తొంభై దాటింది.
అనుకున్న ఎత్తు వచ్చిన రాత్రి
ఏ సైరనూ మోగలేదు.
నీ నోడు కొత్త బ్లాకు అందుకుంది,
తిప్పి చూసింది,
సరే అంది.

అది ఏం చూసిందో తెలుసా?
మేం మూడు తాళాలు చూసిన చోట
అది బార్లా తీసిన వాకిలి చూసింది.
ఎవరైనా వెళ్ళొచ్చు, ఏమైనా తెచ్చుకోవచ్చు.
సంతకాలు వేరే సంచిలో వెళ్ళాయి.
ఆ సంచి దాని చేతికి ఎవరూ ఇవ్వలేదు.
దీన్ని మర్యాద అనాలో
మోసం అనాలో
నాకు ఇప్పటికీ తేలలేదు.

పదకొండో రోజు తెల్లవారుజామున
నీ వరస మెషిన్లకు బ్లాకు తగిలింది.
గంతేశావు. అందరికీ చిపా రొట్టెలు తెప్పించావు.
అందులో ఎవడో ఆకతాయి దూర్చిన లావాదేవీ ఒకటి
ఆ తెరిచిన వాకిట్లోంచి ముడుపు ఎత్తుకొచ్చింది.
నీ నోడుకు అది దొంగతనంలా కనిపించలేదు.

లోకం ఏమీ అనలేదు.
కేక లేదు, జరిమానా లేదు.
నీ బ్లాకు మీద ఎవరూ బ్లాకు పేర్చలేదు, అంతే.
పక్కనుంచి ఇంకోటి లేచింది,
దాని మీద ఇంకోటి.

ఇరవై నిమిషాలకు నీ నోడే,
నువ్వు చూస్తుండగానే,
కన్నబిడ్డను కింద పెట్టినట్టు
తన బ్లాకును వదిలి
పొడుగు గొలుసు వైపు జరిగింది.
ఎందుకో దానికి తెలియదు.
పొడుగు ఎటుంటే అటు నడవమని
పుట్టినప్పుడే చెప్పారు.

నీకు మిగిలింది ఆ రాత్రి కరెంటు బిల్లు.
"తప్పని ఎక్కడ రాసుంది?" అని లాగంతా వెతికావు.
ఎర్రగా ఒక్క లైనూ లేదు.
సునిల్ద దెప్పలేదు.
నీ గువాంపలో చల్లనీళ్ళు పోసి
పక్కన కూర్చుంది.

"రేపు చూద్దాం," అన్నావు చాలాసేపటికి.
చిపా చల్లారిపోయింది.
నీ నోడు తర్వాతి బ్లాకు అందుకుంది,
తిప్పి చూసింది,
సరే అంది.