మేలో వస్తాను

ఇల్లు కట్టి చూడమన్నారు గానీ
మూడంటే మూడు మెట్లు వేయించి చూడమని
ఎవరూ చెప్పలేదు నాకు.

థండర్ బేలో అక్టోబరు చివర.
గుమ్మం ముందు కాంక్రీటు
ఎండిన రొట్టెలా పెచ్చులూడుతోంది.
పై మెట్టు ఇంటిమీద అలిగినట్టు
బెత్తెడు పక్కకు జరిగింది.
టపా తెచ్చే లూసీల్ ఒకరోజు జారిపడి,
లేచి, ప్యాంటు దులుపుకుని,
"ఓరీసియా, నీ ఉత్తరాలు ఇక పక్కింట్లోనే" అంది.

మొదటివాడు ఎక్కడో పట్నంలో కూర్చుని
ఫోన్లోనే ధర చెప్పాడు.
మెట్లు చూడలేదు, మట్టి చూడలేదు.
"మంచు పడేలోగా పోసేస్తాం మేడమ్,
త్వరగా గట్టిపడే మందు కలుపుతాం,
మూడో రోజు నడవొచ్చు."
చవక. నిజంగానే చవక.
బడి వంటింట్లో ఆరువందల మందికి సూపు కాచేదాన్ని,
ఆ మాట వింటే నా చెవులు నిక్కబొడుచుకుంటాయి.

రెండోవాడు వస్తానన్నాడు.
ఇంకా వస్తూనే ఉన్నాడు.

మూడో మనిషి రైమో. నాలుగు వీధుల అవతలే ఇల్లు.
వాళ్ల నాన్న పోసిన కాలిబాట మీదే
స్కేట్లు మెడలో వేసుకుని బడికెళ్లాను నేను.
వచ్చాడు, పలకరించకుండానే మోకాళ్ల మీద కూర్చున్నాడు,
జేబులోంచి స్క్రూడ్రైవర్ తీసి పగుల్లోకి దించాడు.
పిడి దాకా దిగింది.
"రెండడుగులు కూడా తవ్వలేదు వీళ్లు.
ఇక్కడ చలి ఆరేడడుగులు దిగుతుంది.
నేల నీళ్లు తాగి పడుకుంటుంది,
గడ్డకట్టి లేస్తుంది.
లేచేటప్పుడు నెత్తిమీద ఏముందో చూసుకోదు."

ఎప్పుడు మొదలుపెడతావన్నాను.
"మేలో."
ఇప్పుడు పోయలేవా?
"పోయగలను. దుప్పట్లు కప్పి, హీటర్ పెట్టి,
రాత్రి రెండింటికి లేచొచ్చి తాకి చూసుకుంటూ.
నీకు రెట్టింపవుతుంది.
మూడు మెట్లకి అంత అక్కర్లేదు."

చేతికొచ్చే డబ్బు వద్దనే మనిషిని చూసి
నాకు ముందు అనుమానమే వచ్చింది.
అది పసిగట్టాడేమో, మూడు చిరునామాలు రాసిచ్చాడు.
"మనుషుల్ని అడగకు. మెట్లని అడుగు."

ఆదివారం టార్చి పట్టుకుని
ఊళ్లో వాళ్ల గుమ్మాల ముందు దొంగలా వంగి చూశాను.
ఒకటి పదకొండు చలికాలాలు చూసింది,
వెంట్రుకంత పగులు లేదు.
ఇంకోదాని మూల కొరికినట్టుంది.
ఇంటాయన తలుపు తీసి, నసిగి, ఒప్పుకున్నాడు:
"వద్దన్నా వినకుండా మొదటి ఏడే ఉప్పు చల్లాను."

మర్నాడు చూస్తే నా విరిగిన మెట్ల మీద
చెక్క వాలు ఒకటి బిగించి ఉంది,
కాలు జారకుండా గరుకు పట్టీలు కొట్టి.
ఎంతివ్వాలని ఫోన్ చేస్తే
"మేలో కలిపి రాస్తా" అన్నాడు.
రాయలేదు.

మేలో సరస్సు మీద ఆఖరి పలకలు కరుగుతుంటే వచ్చాడు.
నాలుగు రోజులు తవ్వారు.
గోతిలో నిలబడితే అతని టోపీ మాత్రం కనిపించేది.
లారీ వచ్చాక, బూడిదరంగు ముద్ద
గరిటెడు తీసి నాకు చూపించాడు,
నేను సూపు రుచి చూపించినట్టే.
"ఇందులో గాలి ఉంది. కంటికానని బుడగలు.
లోపలి నీళ్లు గడ్డకట్టి ఉబ్బినప్పుడు
తలదాచుకోవడానికి."

అంత గట్టిదానికీ లోపల
ఖాళీ కావాలని నాకు తెలియదు.
మా ఆయన బతికుండగా తెలిసుంటే,
సరే, అది వేరే సంగతి.

వెళ్తూ వెళ్తూ ఒక బస్తా ఇసుక దించాడు.
"ఈ చలికాలం ఉప్పు జోలికి పోకు."
ముప్పై ఏళ్లుగా అన్నిటికీ
ఉప్పే విరుగుడనుకున్న చెయ్యి ఇది.

నవంబరు. తెల్లారకముందే
ఇసుక బకెట్టుతో గుమ్మంలో ఉన్నాను.
లూసీల్ వచ్చింది.
కిందికి చూడకుండా మూడు మెట్లూ ఎక్కి
కరెంటు బిల్లు చేతిలో పెట్టింది.