దుబాసీ

పుణె వేలంలో కొన్న లేతు అది.
బొబ్బిలి గ్రోత్ సెంటర్లో లారీ దింపేసరికి
తలుపు మీద పేరు సగం చెక్కుకుపోయి ఉంది.
తెర మీద ఏ దేశానివో అక్షరాలు
పచ్చగా వెలిగాయి.
"బండి బంగారమే. మాటే తెలదు"
అన్నాడు మా ఓనరు గౌరునాయుడు,
ఒడిశా నుంచి తెచ్చుకున్న కోడలి గురించి చెప్పినట్టు.

కంప్యూటర్లో బొమ్మ గీయడం నా పని.
రాజాం జూట్ మిల్లు రోలరుకి బుష్షు.
ఇత్తడి. లోపలొక మెట్టు, బయట మరచుట్లు.
పనిముట్టు ఎటునుంచి రావాలో, ఎంత గీకాలో,
దారంతా గీసిపెట్టాను.
ఆ దారిని ఈ లేతుకి చెప్పే
పోస్ట్ ప్రాసెసర్ ఒక్కటే లేదు.

ఫానుక్‌కి ఉంది. సీమెన్స్‌కి ఉంది.
వీధికొకటి కనిపించే ప్రతిదానికీ ఉంది.
సాఫ్ట్‌వేర్ అమ్మిన హైదరాబాదాయన
"మోడల్ నంబరు మళ్ళీ చెప్పండి మేడమ్" అని మూడుసార్లు అడిగి
నాలుగోసారి ఫోనెత్తలేదు.
కోయంబత్తూరాయన రాసిస్తానన్నాడు,
ఆ ధరకి ఇంకో పాత లేతు వస్తుంది.
విశాఖ ఆటోనగర్లో ఒకతను పెన్‌డ్రైవ్ చేతిలో పెట్టాడు.
దాన్లో ఉన్నది మిల్లింగు మెషీనుది.
పైగా వైరస్సు.

సరే, ఫానుక్‌దే తీసుకుని పేరు మార్చి పంపాను.
మొదటి వరుసకే ఎర్రదీపం.
నాలుగు మాటలు దిద్దాను.
మర్నాడు ఎర్రదీపం వెలగలేదు.
అసలు భయపడాల్సింది అప్పుడే.

ఎక్స్ అరవై అన్నాను. అది నూట ఇరవై అని వింది.
బయటంతా గాలిని కోసింది.
అందరం నవ్వాం.
లోపలికి దిగేసరికి
రంధ్రం ఉండాల్సిన చోట గట్టి ఇత్తడి.
లచ్చుం ఎర్ర బొత్తాం గుద్దేలోపు
బోరింగ్ బారు మూతి పగిలింది.
వాడు ఆ గాటుని కొలిచి, మళ్ళీ కొలిచి,
"ఇది మధ్యనించి లెక్కెడతంది మేడమ్.
మీరేమో ఈ అంచునించి ఆ అంచుకి సెప్తన్నారు" అన్నాడు.

ఆ రాత్రి నిద్ర పట్టక
మా నాయనమ్మ చెల్లెలు నూకయ్యమ్మ గుర్తొచ్చింది.
కళింగపట్నం ఎండుచేపల గంపతో
సీతంపేట సంతకి పోయేది.
తెలుగు వచ్చు, సవర వచ్చు, ఒడియాలో తిట్లొచ్చు.
చింతపండు బేరాల్లో రెండు పక్కలవాళ్ళూ
ఆమెనే మధ్యన కూర్చోబెట్టుకునేవారు.
"మాట మార్చడం ఏపాటి పనే గుంటా!
సావుకారి కుంచం వేరు, కొండమీద కుంచం వేరు.
ఎవుడు ఏ కుంచంతో అంతన్నాడో ముందు సూసుకోవాల.
నేదంటే నిజాలే సెప్పి కొంప ముంచీగలవు."

పొద్దున్నే ఇత్తడి తీసి పక్కన పెట్టించాను.
గొల్లపల్లి వీణలవాళ్ళ దగ్గర
పనస చెక్క ముక్కలు ఒక గోనెడు తెచ్చాడు లచ్చుం.
ఇక మాటలు అడగడం మానేసి
దాని కొలతలు అడుగుతూ కూర్చున్నాను.
చుక్క పెట్టకపోతే మిల్లీమీటరా, మైక్రానా?
వేగం నిమిషానికా, చుట్టుకా?
పనిముట్టు మార్చమంటే వెనక్కి జరిగి తిరుగుతావా,
ఉన్నచోటే తిరిగి చక్‌ని కొడతావా?
ఒక్కో ప్రశ్నకి ఒక్కో చెక్కముక్క.
పసుపు పొట్టు మోచేతుల దాకా.
మరచుట్లు కొయ్యి అనే ఒక్కమాట దానికి లేనే లేదు.
ఒక్కో కోతా విడిగా చెప్పాలి,
పదహారుసార్లు, విసుక్కోకుండా.

పదకొండు రోజులు. మూడువందల పై చిలుకు వరుసలు.
పన్నెండో రోజు బుష్షు
రోలరులోకి వేళ్ళతో నొక్కితే వెళ్ళింది.
గౌరునాయుడు దాన్ని జేబులో వేసుకుని
టీ కొట్టు దాకా పోయి అందరికీ చూపించి వచ్చాడు.

ఫైలుకి పేరేమిటని అడిగింది కంప్యూటరు.
నూకయ్యమ్మ అని కొట్టాను.

కూలెంటు ఆపు అనే మాట మాత్రం
ఇంకా దొరకలేదు.
లచ్చుం చేత్తో కట్టేస్తాడు.