ఓడి

కసుంగు బస్టాండు ఎదుట, పొగాకు లారీలు మలుపు తిరిగేచోట
యాంఖో సైకిలు వెనక సీటు మీది స్పాంజి మెత్తను
మూడోసారి సర్దుతున్నాడు.
ఇవాళే మొదటిరోజు. సైకిలు అద్దెది.
పసుపు చొక్కా లింబికానిది, ఇప్పుడే విప్పి ఇచ్చాడు.
వీపు మీద రెండు వెండి పట్టీలు,
ఒకటి సగం ఊడి వేలాడుతోంది.

"లారీ అద్దంలో డ్రైవరు మొహం నీకు కనపడకపోతే
వాడి లెక్కలో నువ్వు లేనట్టే," అంటాడు లింబికాని
చెరుకు ముక్క నములుతూ.
"తారు తెగిపోయిన చోట జానెడు లోతుంది, చూశావా,
ఆ అంచుకి అతుక్కుని తొక్కకు.
భయపడేవాణ్ణే అది కిందికి లాగుతుంది.
మూరెడు లోపలికి ఉండు.
హారన్ కొడితే కొట్టనీ. తిన్నగా పో."

అని, మోచేయి తిప్పి చూపించాడు.
అక్కడ చర్మం ఇంకో రంగు.

"ముప్పై గుడ్ల అట్ట ఒడిలో పెట్టుకుని
ఒకామె ఎక్కింది. పేరు కూడా అడగలేదు.
పిండిమర దగ్గర కుడికి తిరగాలి.
చెయ్యి చాపాలంటే హ్యాండిలు వదలాలి.
నామోషీయో, బద్ధకమో,
తిరిగేశాను.
వెనక వస్తున్నవాడూ సైకిలువాడే,
రెండు బొగ్గు బస్తాలేసుకుని.
అదే లారీ అయ్యుంటే
ఈ మాట నీకు ఇంకెవడో చెప్పేవాడు."

యాంఖో నవ్వబోయి ఆగాడు.

"బొగ్గు మీద పచ్చసొన ఎలా ఉంటుందో తెలుసా నీకు?
ఆమె తిట్టలేదురా.
రోడ్డు మీదే కూర్చుని మిగిలినవి లెక్కపెట్టింది. పదకొండు.
ఒకటి బొగ్గువాడి చేతిలో పెట్టింది, ఒకటి నా చేతిలో.
'ముందే చెబితే
నేను చాపేదాన్ని కదయ్యా చెయ్యి' అంది.
అంతే. కుంటుకుంటూ పోయింది."

అప్పట్నుంచీ లింబికాని ముందు కిరాయి చెబుతాడు,
వెంటనే చెయ్యి సంగతి.
బ్యాంకు గుమాస్తా చాపుతాడు, గడియారం కనపడేలా.
వీపున పిల్లాణ్ణి కట్టుకున్న తల్లి కుడిచెయ్యి చాపితే
పిల్లాడూ చాపుతాడు,
ఎటో తెలియక, ఎడమది.

"ఇంక గంట.
దాంతో ఎవర్నీ తరమకు.
పరాయి గడప ముందు నిలబడి ఏమంటాం?"
"ఓడి."
"లోపల్నుంచి మాట వచ్చేదాకా?"
"ఆగుతాం."
"ఆఁ. ఆ టమాటా గంపల వాళ్ళు నీకన్నా ముందునుంచీ
ఈ రోడ్డు మీద నడుస్తున్నారు. వాకిలి వాళ్ళది."

మొదటి బేరం ఒక దర్జీ.
భారీ మనిషి. ఒడిలో కుట్టుమిషను తల,
రెండు చేతులూ దాని చుట్టూ, పసిబిడ్డని పట్టుకున్నట్టు.

ఇతని చెయ్యి ఎవరు చాపాలి?
లింబికాని ఈ పాఠం చెప్పలేదు.

పిండిమర వచ్చేసింది. వెనక ఇంజను మూలుగు.
యాంఖోకి హ్యాండిలు వదలడం ఇంకా రాదు,
ఇంత బరువుతో అసలే రాదు.
ఎడమ పక్కకి తీశాడు. దిగాడు.
దర్జీని దిగనివ్వలేదు,
సైకిలుని పొట్టకి ఆనించి పట్టుకుని నిలబడ్డాడు.
మూడు లారీలకి ఓడి,
ఒక మినీబస్సు కుర్రాడి ఈలకి కూడా ఓడి,
నాలుగో లారీ ఎక్కడో చుక్కలా ఉండగా
ఖాళీ రోడ్డుకే ఒకసారి గంట కొట్టి
నెట్టుకుంటూ దాటాడు.

"నడిపించినందుకు కూడా డబ్బులివ్వాలా?" అన్నాడు దర్జీ.
యాంఖో అంటే వాళ్ళ భాషలో జవాబు అని అర్థం.
ఏమీ అనలేదు. ఎక్కి తొక్కాడు.

ఇవతల లింబికాని చెరుకు పిప్పి ఉమ్మి,
చొక్కా లేని భుజాల మీద ఎండ తగులుతుంటే
చూస్తున్నాడు.
దుమ్ములో ఆ సగం ఊడిన పట్టీ
ఊగుతూ, మెరుస్తూ,
పిండిమర పక్క సందులోకి తిరిగిపోయింది.