తరుగు

ఈ బండికి ఇంకా పేరు పెట్టలే.
ఒంటి నిండా నల్ల తెల్ల గీతల స్టిక్కర్లు,
యాడ వంపు ఉందో, యాడ అంచు ఉందో
కన్నుకు చిక్కకుండ.
మన్ననూరు చెక్‌పోస్టుల గార్డు రోజూ అడుగుతడు:
"గిది ఏం కారు సారూ?"
మాకూ తెల్వదంటే నమ్మడు.

పొద్దుగాల ఆరింటికి గేటు తీస్తరు.
నడిపేది బందగి అన్న.
ఈగలపెంట దాటినంక దిగుడు సురువు,
కింద కృష్ణ కాడికి చేరేదాక
నొక్కుడు, ఇడుసుడు, మళ్ల నొక్కుడు.
ఒక్కో నొక్కుడుకు నా కాయితం మీద ఒక గీత.
వంతెన కాడ ఆపి
చక్రం ఊడదీసి, డ్రమ్ము గుంజి
సల్లారేదాక కూసుంటం.
మున్నూరు డిగ్రీలు కాగిన ఇనుము
తొందరపెడితే ఇనదు.

అప్పుడు నా పని.
లైనర్ మీద ఐదు తావుల మైక్రోమీటర్ పట్టి
మిల్లీమీటర్ల నూరో వంతు దాక చదువుతా.
మొదటి దినం ఎక్కేటప్పుడు నాలుగు పాయింట్ ఎనభై.
దిగినంక డెబ్బై ఏడు.
"ఎంత తరిగిందిరా ఆచారీ?" అంటడు బందగి,
బీడీ ముట్టియ్యకుండనే పండ్ల నడుమ పట్టుకొని.
అడవిల అగ్గిపుల్ల గీస్తే జుర్మానా.

తరుగు.
మా ఇంట్ల ఈ మాట మెల్లగ అనేటోళ్లు.
అచ్చంపేటల మా నాయిన కుంపటి ముంగట కూసుంటే
పుస్తె చేపిచ్చుకునేటోళ్లు
ఆయన చేతుల దిక్కే చూసేది,
మొఖం దిక్కు గాదు.
గురిగింజెత్తు తేడా వస్తే
బజారంత తెలిసేది.
రాత్రి చాప దులిపి, కుంపట్ల బూడిద ఎత్తి
డాల్డా డబ్బల దాసేటోడు.
ఆర్నెల్లకోపారి జలగడిగెటోళ్లు వచ్చి
ఆ మన్ను కొనుక్కపోతరు.
మన్నుకు ధర కట్టేటప్పుడు మాత్రం
ఆయన బేరమాడంగ నేను చూడలే.

ఇప్పుడు తరుగు చెప్పినందుకే నాకు జీతం.
తక్కువ చెప్పినా తప్పే, ఎక్కువ చెప్పినా తప్పే.
నా చేతుల దిక్కు ఎవ్వరు చూడరు,
అదొక్కటే కొత్త.

మొన్న పదిహేడో దిగుడు.
ఏడో మలుపు తిరగంగనే
రోడ్డు నడుమ అలుగు.
ఉరకలే.
తోక మీదికి తల మడుసుకొని ముద్దయింది.
ఒకదాని మీద ఒకటి సర్దిన రేకులు,
మా నాయిన కాసులపేరు కుట్టినా
అంత సక్కగ కుదరదు.
బందగి కాలు అడుగు దాక తొక్కిండు.
నా కాయితం, పెన్ను, తలకాయ అన్నీ ముంగటికి.
ఎనుక సీట్ల సద్దిగిన్నె దొర్లింది.

ఆగింది.
దిగి కొలిచిన, అలవాటు గద.
జానెడుకు రెండేళ్లు తక్కువ.

కాలిన లైనర్ వాసన మీద
ఇప్పపువ్వు వాసన వచ్చి కూసుంది.
ఎనుక ఆగిన జీపోడు రెండు మాట్ల హారన్ కొట్టి,
దిగొచ్చి చూసి, చెప్పులిడిసి నిలబడ్డడు.
ఎందుకు ఇడిసిండో అడగలే.
పావుగంటకు ముందుగాల ముక్కు బయటికొచ్చింది,
ఆ తర్వాత పని ఉన్నదాని లెక్క
పెద్దపెద్ద గోర్ల మీద నడుసుకుంట
బోద పొదలకు పోయింది.
మా దిక్కు చూడను కూడ చూడలే.

మాపటికి పుణె సారు ఫోను:
"ఆ బ్రేకు షెడ్యూల్ల లేదు.
ఆ లైనర్ల లెక్క చెల్లదు.
కొత్తయి ఎక్కించి మొదటికెల్లి పెట్టుండ్రి."
ఎనిమిది దినాలు, పదహారు దిగుళ్లు
గాలికి పోయినయ్.
సరే సార్ అన్న.

కానీ చెప్పలే ఆయనకు,
ఐదు తావుల, ఒక్కో తావుల నాలుగు మాట్లు
మైక్రోమీటర్ పట్టి చూసిన.
మిగిలిన దిగుళ్లకు ఎంతనో గంతే.
అలుగు కోసం అరిగింది
నా కొలతకు అందలే.

డ్రమ్ముల నల్లపొడి కుంచెతోని ఊడ్చి
గులాబి కాయితంల మడిసిన,
మా నాయిన ముక్కుపుల్ల మడిసే తీరు, నాలుగు మడతలు.
బందగి చూసిండు.
"దాన్ని కడిగితే ఏమన్న తేలుతదారా?"

ఏం తేలుతది.
డబ్బ వెతుకుతున్న.