ఇప్పడం

పాఠ్యపుస్తకంలో ఆ మాటకి "విసంకేతనం" అని ఉంది.
బోర్డు మీద రాశాను.
ముప్పై నలుగురు పిల్లలు నోట్సులోకి దించుకున్నారు,
ఒక్కరికీ నోట్లోకి దిగలేదు.
వెనక బెంచీ నుంచి త్రినాథ లేచాడు:
"అంటే ఏటండి మేడమ్?"
తాళంకప్ప గీశాను. తాళంచెవి గీశాను.
ఇంతలో గంట కొట్టారు.

ఇంటికొచ్చి అమ్మనడిగాను, చెవి దగ్గర రెండుసార్లు అరిచి.
ఇరవై రెండేళ్లు నెల్లిమర్ల జూట్ మిల్లులో
మగ్గాల మోత తాగేసిన చెవులు.
"గుట్టుగా పంపిన కబురుని
మళ్లీ మామూలు మాటగా చేస్తే ఏమంటారే?"
అమ్మ గోంగూర కట్టకున్న నారముడి లాగుతోంది.
"ఇప్పడం" అంది. "ఇంకేటంతారు?"

మూట ఇప్పుతాం. జడ ఇప్పుతాం.
గేదెని గుంజ నుంచి ఇప్పుతాం.
పొడుపుకథ ఇప్పలేనోడు ఊరిచ్చుకోవాలి.
ఏ ముడికీ తాళంచెవి అక్కర్లేదు,
గోరుంటే చాలు, కాస్త ఓపికుంటే చాలు.

నా తొమ్మిదో ఏట, క్యారేజీ పట్టుకుని
నేత షెడ్డు గుమ్మంలో నిలబడ్డాను.
లోపల అరిచినా వినబడదు, ఆడవాళ్లంతా చేతుల్తోనే మాట్లాడుకునేవారు.
చిటికెనవేలు చెవి మీద పెడితే మేస్త్రీ వస్తున్నాడని.
బొటనవేలు గడ్డం కింద రాస్తే
చింతకాయ తొక్కు తెచ్చావా అని.
అవన్నీ ఆ వేసవిలోనే నేర్చేసుకున్నాను.

ఒక్కటి మాత్రం చిక్కలేదు.
మిల్లు మూసేసిన వారం,
అమ్మ ఎడమ మణికట్టుని రెండువేళ్లతో నొక్కి
గుప్పిట తెరిచింది,
మూడు మగ్గాల అవతలున్న సూరీడమ్మ వైపు.
సూరీడమ్మ కళ్లు తుడుచుకుని మళ్లీ కండె మార్చింది.

సమ్మె అనుకున్నాను చాలా ఏళ్లు.
తర్వాత, గాజులు తాకట్టు పెట్టారనుకున్నాను.
ఇవాళ అదే చేసి చూపించాను,
మణికట్టు, రెండువేళ్లు, గుప్పిట.

"ఒలమ్మ! నీకెలగ తెలుసే గుంటా?"
నవ్వింది. చెబుతుందనే అనుకున్నాను.
గోంగూర ఒళ్లోంచి జారిపోయింది,
చేతులు లేచాయి, నేను అందుకోలేనంత వేగంగా,
నా వైపు కాదు,
గోడ వైపు, మూడు మగ్గాల దూరానికి.
సూరీడమ్మ పోయి ఏడాదిన్నర.

మర్నాడు బోర్డు మీద "ఇప్పడం" అని రాశాను.
త్రినాథ పళ్లికిలించాడు, "ఓస్, ఇదేనా!"
నిన్నటి తాళంచెవి ఇంకా మూలనుంది, చెరిపేశాను.
అక్కడ ఒక చెయ్యి గీద్దామనుకున్నాను.
నాకు వేళ్లు గీయడం రాదు.