తగ్గని గీత

తిరుపతి మింగిన మాత్రల్లో సగం
చివరికి వచ్చి చేరేది ఇక్కడికే,
తనపల్లి రోడ్డు దాటినాక, దామరగుంటకు.
తామర పేరులోనే.
నీళ్లలో నురగ, షాంపూ పొట్లాలు, గుర్రపుడెక్క.

జొరానికి మింగింది, మోకాళ్లకు పూసుకుంది,
సుగరుకు, బీపీకి, పిల్లలు వద్దని వాడింది,
ఒళ్లు తనకు కావలసినంత తీసుకొని
మిగిలింది కాలవకు వదిలేస్తుంది.
కాలవ ఎవర్నీ పేరడగదు.

మూడేండ్ల కింద గులకరాళ్లు పరిచి మడులు కట్టినాం.
జమ్ము నాటినాం, వట్టివేరు నాటినాం.
పిలకలు తెచ్చిచ్చింది కుప్పమ్మ,
ఏర్పేడు పక్క తుంగ కోసి చాపలల్లే మనిషి.
"గడ్డి నాటేదానికి కూడా
యూనివర్సిటీ దుడ్డిస్తాదా పాపా?" అని
కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది.

పని చేసేది గడ్డి ఒక్కటే కాదవ్వా అన్నాను,
దాని వేళ్లకు పట్టిన జిగురు.
అందులో బతికేవి కంటికి ఆనవు.
గడ్డి కిందికి గాలి పంపిస్తాది,
అవి మందును కొరుక్కు తింటాయి.
ఆమె ఒక వేరు పీకి, వేళ్ల మధ్య నలిపి, వాసన చూసి
"దోసెపిండి పులిసినట్టుండాది" అంది.
నేను రాసిన నలభై పేజీల్లో
ఆ వాసన ఎక్కడా లేదు.

ప్రతి మంగళవారం రెండు సీసాలు.
నీళ్లు వచ్చే చోట ఒకటి, పోయే చోట ఒకటి.
ఐసుపెట్టెలో సర్దుకొని స్కూటీ మీద ల్యాబుకు.
మిషను గీతలు గీస్తుంది,
ఒక్కో మందుకు ఒక్కో కొండ.
జొరం మాత్ర కొండ కరిగి నేలైపోయింది.
నొప్పి మాత్ర సగానికి దిగింది.
సుగరు మాత్ర ఎండలకు దిగి, వానలకు మొండికేసింది.

ఒక్కటి మాత్రం
ఎంత ఎత్తున లోపలికి పోయిందో
అంతే ఎత్తున బయటికొచ్చింది.
నీళ్లను ఇంకో మూడు రోజులు ఆపి చూసినాం,
అట్లే ఉండాది, గుండురాయి మాదిరి.

దాని పేరు చదవనక్కరలేదు నాకు.
ఫిట్స్ మాత్ర.
పొద్దున ఒకటి, రాత్రి ఒకటి,
పద్నాలుగేండ్లుగా మా తమ్ముడు మునిశేఖర్‌కు
గ్లాసుడు నీళ్లతో నేనే ఇస్తా ఉండాను.
మరిచిపోయిన దినం ఒకటుంది.
బస్టాండులో సిమెంటు నేల, చుట్టూ చెప్పులు,
వాడి గుప్పిట్లో ఎవరో పెట్టిన తాళంచెవులు,
నోటి పక్కన నురగ.

ఆ గీత తగ్గాలని మంగళవారం కోరుకుంటాను.
ఆ మాత్ర మందులంగట్లో అయిపోకూడదని
మిగతా ఆరు రోజులు.

మొన్న జమ్ము కోత.
"ఇంత బాగా పెరిగిందే, చాపకు తీసుకుపోదునా?"
వద్దవ్వా, ఆకుల్లోకి కొంచెం మందెక్కి ఉంటాది.
"మరి యాడ పారేస్తావు?"

సీసా మీద తేదీ రాసి మూత బిగించినాను,
రెండుసార్లు.
నీళ్లు పోయే చోట, జమ్ము మొదట్లో
సగ్గుబియ్యం మాదిరి కప్పగుడ్లు.
పోయినేడు లేవు.
కుప్పమ్మ గట్టు మీద గొంతుక్కూర్చుని
కొడవలి పక్కన పెట్టి, నేనడక్కుండానే
లెక్కబెట్టడం మొదలుపెట్టింది.
"ఊఁ, రాసుకో" అంది.