నూట ఇరవై రోజులు

మొదటి సెమిస్టరు ఫీజు కట్టిన వారమే
మైపాడు పక్కన మా మూడో గుంటలో
రొయ్యపిల్లల్ని వదిలాం.
అదీ నూట ఇరవై రోజులే, ఇదీ నూట ఇరవై రోజులే.

పగలు కాకుటూరులో ఎంబీయే క్లాసు.
రాత్రి గట్టు మీద నులకమంచం,
ఏరియేటర్ల మోతలో స్టాటిస్టిక్స్.
ఆ మోతకి అలవాటుపడ్డ చెవికి
లైబ్రరీలో చదువెక్కదు.
ఇంత నిశ్శబ్దమేంది,
ఏదో ఆగిపోయిందని గుండె ఉలిక్కిపడుతుంది.

వసుంధర మేడం బోర్డు మీద గంట బొమ్మ గీసి
కొందరిని చూసి అందరినీ అంచనా కట్టడం అన్నప్పుడు
నా కుడిభుజం దానంతటదే కదిలింది.
విసురువల.
నాలుగు మూలలా నాలుగు విసుర్లు,
చిక్కినవాటిని తూచి
కనబడని లక్ష రొయ్యల బరువు చెప్పడం.
చెయ్యెత్తి చెబుదామనుకున్నా.
ముందు బెంచీలో ఎవరో ఇంగ్లీషులో ఏదో అన్నారు,
క్లాసంతా నవ్వింది.
చెయ్యి దించేశా.

మా లెక్క తలకిందులు.
వంద కౌంటంటే చిన్నది, ముప్పై కౌంటంటే పెద్దది,
అంకె తగ్గేకొద్దీ రేటు.
క్లాసులో ర్యాంకులూ అంతేనని చెబితే
కాపలా కాలేషా మామ బీడీ ఆర్పి
"అయితే నువ్వెంత కౌంటు అబ్బయా?" అన్నాడు.
నలభై రెండు.
"పర్లా. ఎగుమతికి పోతావు."

కేస్ స్టడీలో ఏదో దేశపు బూట్ల కంపెనీ.
గోడౌన్లో సరుకు పేరుకుపోయింది, మేనేజరేం చెయ్యాలి?
వాళ్ళ సరుకు ఊపిరి పీల్చదు.
ఆ సంగతి జవాబులో రాయొచ్చో లేదో.

తొంభై ఒకటో రాత్రి
రెండూ పదికి కరెంటు పోయింది.
జనరేటరు రెండుసార్లు దగ్గి ఊరుకుంది.
పొద్దున ఫైనాన్స్ పరీక్ష.
టార్చి వేస్తే గట్టు పొడుగునా
ఎర్రగా కళ్ళు,
నీటి పైకొచ్చి గాలి వెతుక్కునే కళ్ళు.
నడుముదాకా దిగి ఇద్దరం బక్కెట్లతో
ఆ గుంటలోంచే తీసి ఆ గుంటలోకే పోశాం,
తీసి పోశాం,
కాలేషా మామ అల్లాని, నేను లైన్‌మాన్‌ని పిలుస్తూ.

నాలుగున్నరకి కరెంటొచ్చింది.
ఎంత పోయిందో వల చెప్పదు.
చచ్చినవి అడుక్కి పోతాయి,
బతికినవే వలలో పడతాయి.
మేడం దీనికీ ఒక పేరు చెప్పింది,
ఎంత తన్నుకున్నా గుర్తురాలా.

తడి ఆరని జుట్టుతో, గోళ్ళలో బురదతో
హాల్లో కూర్చుంటే నాలుగో ప్రశ్న:
రిస్క్ అంటే ఏమిటి?
తగిన ఉదాహరణతో వివరించండి.
చాలాసేపు పెన్ను పట్టుకుని చూశా.
పుస్తకంలో నిర్వచనం అక్షరం పోకుండా దించి
ఉదాహరణకి బూట్ల కంపెనీ రాశా.
పదికి ఏడు.

"మన గుంట గురించేమన్నా అడిగారా?"
మేత బస్తా విప్పుతూ అడిగాడు మామ.
అడిగారన్నా.
"రాశావా?"
రాశానన్నా.

ఆ సాయంత్రం మైపాడు రోడ్డు టీకొట్లో
ఎవరు దొరికితే వాళ్ళని ఆపి చెబుతున్నాడు,
తన రెండు చేతులూ, ఆ బక్కెట్టూ
యూనివర్సిటీ పరీక్షలోకి ఎక్కాయని.
నేను బండి ఆపకుండా
తల వంచుకుని గుంట దగ్గరికి పోయా.
మేత ట్రే పైకి లాగి చూస్తే
సగం మేత అట్నే ఉంది.